అన్యభాషల వాక్కు: ఆత్మావేశమా, మెదడు వ్యాపారమా?

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం వంటి కోస్తా గ్రామాలలో ఆదివారం ఉదయం ప్రార్థన మందిరాల ప్రక్కగా నడచిపోయేవారికి అప్పుడప్పుడు ఒక వింత వాక్కు వినవస్తుంది. ముందు పాట, పాట తరువాత ప్రార్థన, ప్రార్థనలో క్రమంగా వేగం. అంతలో తెలుగు మాటలు జారిపోతాయి. ఏ భాషకు చెందినవో తెలియని అక్షరాలు ధారగా వెలువడతాయి. పలికేది పొలం పనికి పోయే స్త్రీ కావచ్చును, పట్టం పుచ్చుకొన్న ఉపాధ్యాయుడు కావచ్చును. కొన్ని నిమిషాలకు ఆ ధార ఆగుతుంది. మరల తెలుగు వస్తుంది. పలికినవారు కన్నులు తుడుచుకొని కూర్చుంటారు. పెంతెకొస్తు సంఘాలవారు దీనిని 'అన్యభాషలలో మాట్లాడటం' అంటారు. అది పరిశుద్ధాత్మ ప్రసాదించిన వరమని వారి విశ్వాసం. వెలుపల నిలిచి వినేవారిలో ఒకరు నటన అంటారు, ఒకరు వెర్రి అంటారు, నాలుగు పుస్తకాలు చదివినవారు ఇదంతా నరాల వ్యవహారమని తేల్చివేస్తారు.

ఇది కాలక్షేపానికి వేసుకొనే ప్రశ్న కాదు. ఒకే ఇంట అత్తగారు గ్రామదేవతకు ముడుపు కట్టేవారు, కోడలు ప్రార్థనకు పోయేవారు అయినప్పుడు, కోడలి నోట వచ్చిన తెలియని మాట ఆ ఇంటిలో భయానికో కలహానికో కారణం కావచ్చును. సంఘంలో అందరికీ వచ్చిన వాక్కు తనకు మాత్రం రాలేదని, దేవుడు తనను వదలివేసినాడని కుమిలిపోయే యువకులు ఉండవచ్చును. వీటికన్న గడ్డు సంగతి మరియొకటి కలదు. నిజంగా జబ్బు చేసి సంబంధం లేని మాటలాడే మనిషిని దైవం పూనినదనియో దయ్యం పట్టినదనియో నెలల తరబడి వైద్యానికి దూరంగా ఉంచటం. అందుచేత ఈ వాక్కును గురించి నేటివరకు తెలిసినదేమి, తెలిసినదాని నుండి ఎంతవరకు నిర్ణయించవచ్చును అనే సంగతిని ఇక్కడ విచారిస్తున్నాము.

మొదట ఈ మాట ఎక్కడిదో చూతము. క్రైస్తవ గ్రంథంలో దీనికి రెండు మూలాలు ఉన్నవి; రెండూ ఒకటి కావు. అపొస్తలుల కార్యములలో చెప్పిన పెంతెకొస్తు దినపు సంఘటనలో, పలు దేశాలనుండి యెరూషలేముకు వచ్చినవారు ఎవరి భాషలో వారు ఆ మాటలను విన్నారని ఉన్నది. అనగా అక్కడి వాక్కు వినేవారికి అర్థమైనది. కొరింథు సంఘానికి పౌలు వ్రాసిన మొదటి పత్రికలో కనిపించేది వేరు. అక్కడి వాక్కు వినేవారికి అర్థం కానిది. అర్థం చెప్పేవారు వేరుగా ఉండవలసినది. పౌలు దానిని నిషేధించలేదు, తానును ఆ విధంగా మాట్లాడేవాడినని చెప్పుకొన్నాడు. అయినను కట్టుబాట్లు విధించినాడు. ఇద్దరు ముగ్గురికి మించరాదు, ఒకరి తరువాత ఒకరు పలకాలి, అర్థం చెప్పేవారు లేనిచోట సభలో మౌనంగా ఉండాలి. అర్థం లేని మాటలు వేలకొలది పలకటంకన్న, నలుగురికి తెలిసే మాటలు ఐదు చాలునని ఆయన అభిప్రాయం. దాదాపు రెండు వేల సంవత్సరాల క్రిందట కూడ ఈ వాక్కు విషయంలో ఉత్సాహమూ జాగ్రత్తా రెండూ ఉండేవని దీనివలన తెలుస్తున్నది.

ఆధునిక కాలంలో ఈ వాక్కు విస్తారంగా వినబడటం 20వ శతాబ్ది ఆరంభంనుండి. 1905లో పూనా సమీపంలోని కేడ్గావ్ వద్ద పండిత రమాబాయి నడపిన ముక్తి ఆశ్రమంలో పెద్ద ప్రార్థనోద్యమం బయలుదేరినది. అక్కడి స్త్రీలలో కొందరు తెలియని భాషలు పలికినట్లు ఆ కాలపు వ్రాతలు చెప్తున్నవి. 1906లో అమెరికాలోని లాస్ ఏంజిలస్ నగరంలో, అజూసా వీధిలోని ఒక పాత భవనంలో, విలియం సీమోర్ అనే నీగ్రో బోధకుని ఆధ్వర్యాన సాగిన కూటములనుండి ఈ ఉద్యమం దేశదేశాలకు ప్రాకినది. కేరళలో 1920ల దశాబ్దంలో పాదుకొన్న భారతీయ పెంతెకొస్తు సంఘం చట్టప్రకారం నమోదైనది మాత్రం మన ఏలూరులో, 1935లో. ఆ తరువాతి దశాబ్దాలలో ఇటువంటి సంఘాలు ఆంధ్ర గ్రామాలలో చాల వెలసినవి. క్రైస్తవులందరూ ఈ వాక్కును ఒకే తీరున చూడరని కూడ చెప్పవలె. లూథరను, బాప్టిస్టు వంటి పాత సంఘాలలో దీనికి ప్రాధాన్యం లేదు. ఆత్మ ఉన్నదనటానికి ఈ వాక్కే గుర్తు అనే వాదాన్ని వారిలో అనేకులు అంగీకరించరు.

ఆ తొలి సంవత్సరాలలోనే ఈ వాక్కుకు ఒక పరీక్ష దానంతట అదే జరిగినది. తమకు వచ్చినవి నిజంగా ఇతర దేశాల భాషలేననియు, ఇక బడికి పోయి భాష నేర్చుకోకుండనే పరదేశాలలో బోధించవచ్చుననియు కొందరు నమ్మినారు. ఆల్‌ఫ్రెడ్ గార్ అనే అమెరికా బోధకుడు తనకు వంగభాష వచ్చినదనే నమ్మకంతో భార్యతో బయలుదేరి కలకత్తా చేరినాడు. ఆయన వాక్కు వంగీయులకు అర్థం కాలేదు. ఆయన నిరాశపడి తిరిగిపోలేదు. తన వరాన్ని త్రోసివేయనూ లేదు. ఇది మనుష్యులకు బోధించటానికి ఇచ్చిన భాష కాదు, దేవుని స్తుతించటానికి ఇచ్చినది అని నిర్ణయించుకొన్నాడు. నేటి పెంతెకొస్తు సంఘాలలో చాలమంది అభిప్రాయం దీనికి దగ్గరగానే ఉన్నది.

ఇంతకు అర్థం తెలియని వాక్కు భాష అవునో కాదో ఎట్లు తేల్చటం? రేడియో ఉన్న ఇండ్లవారికి ఈ ప్రశ్న తేలికగా బోధపడుతుంది. రాత్రివేళ హ్రస్వ తరంగాలపై ముల్లును మెల్లగా త్రిప్పుతూ పోతే ఎన్నడూ వినని భాషలు వినబడతాయి. ఒక్క ముక్క తెలియదు. అయినను ఇది వార్తలు, ఇది ప్రసంగం, ఇది ప్రార్థన అని చెప్పగలుగుతాము. మాటల అర్థం తెలియకపోయినా గొంతు ఎత్తటం, దించటం, నిలపటం, అక్షరాల గుంపులు, ఒక వాక్యం ముగిసినదని తెలిపే సడలింపు, ఇవన్నీ చెవికి అందుతాయి. అన్యభాషల వాక్కులోను ఈ లక్షణాలే ఉన్నవి. అందుచేతనే అది విన్నవారికి 'ఏదో భాష' అని తోస్తుంది. చెవికి భాషవలె తోచటం వేరు, భాష కావటం వేరు.

తెలియనిదంతా అర్థం లేనిది కాదనటానికి మన తెలుగునాటనే గొప్ప నిదర్శనం ఉన్నది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు కొండలనుండి దిగివచ్చే సవరల మాట విన్నారు. మైదానంలోని వారికి అది అర్థం లేని ధ్వని. పంతులుగారు తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట ఉంచుకొని ఓపికతో ఆ భాషను నేర్చినారు. 1931లో దాని వ్యాకరణ బోధినిని, 1938లో నిఘంటువును ప్రకటించినారు. ఇది ఎట్లు సాధ్యమైనది? నీటిని చూపి అడిగితే నేడు చెప్పిన మాటే రేపును చెప్తారు. ఒక సవర చెప్పినది మరియొక సవరకు తెలుస్తుంది. మాటలు మారితే అర్థం మారుతుంది. భాష అయినదేదైనా ఈ మూడు పరీక్షలకు నిలుస్తుంది. నిలిచినదానికి నిఘంటువు పుడుతుంది.

అన్యభాషల వాక్కు ఈ పరీక్షలకు నిలిచినదా? విలియం సామరిన్ అనే భాషాశాస్త్రవేత్త పలు దేశాలలో ఈ వాక్కును ధ్వనిముద్రణ చేసి, అక్షరం అక్షరం పరిశీలించి, 1972లో గ్రంథం ప్రకటించినాడు. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు గ్లాసోలేలియా. ఆయన గమనించినవి ముఖ్యంగా మూడు. మొదటిది, అందులోని ధ్వనులు పలికేవాని సొంత భాషలోనివో, అతనికి పరిచయమైన భాషలోనివో. అందులోనూ సులువుగా పలికేవి ఎక్కువ. రెండవది, ఒక హల్లు ఒక అచ్చు కలిసిన చిన్న అక్షరాలు మరల మరల ఆవృత్తమవుతాయి. మూడవది, ఏ ధ్వనికి ఏ అర్థమో నిలకడగా ముడిపడి లేదు. అనగా వాక్యంవంటి రూపం ఉన్నది, లోపల పదం లేదు. కనుక దీనికి నిఘంటువు వ్రాయటం సాధ్యం కాదు.

అదే సంవత్సరం ఫెలిసితాస్ గుడ్‌మన్ అనే మానవశాస్త్రవేత్త మెక్సికోలో స్పానిషు, మాయా భాషలు మాట్లాడేవారి సంఘాలను, అమెరికాలో ఇంగ్లీషు మాట్లాడేవారి సంఘాలను పోల్చి మరియొక గ్రంథం వెలువరించినది. మాతృభాష ఏదైనప్పటికి స్వరం మెల్లగా ఎక్కి, శిఖరానికి చేరి, దిగిపోయే తీరు ఒకటేనని ఆమె చెప్పినది. ఇది శరీరం ఒక విధమైన ఆవేశస్థితిలో ప్రవేశించటంవలన కలిగే ఫలమని ఆమె సిద్ధాంతం. సామరిన్ దీనిని ఒప్పుకోలేదు. ఏ ఆవేశమూ లేకుండ, నిబ్బరంగా కూర్చుండి, వంట చేస్తూ కూడ ఇట్లు ప్రార్థించేవారు ఉన్నారని ఆయన వాదం. పండితులలో ఈ భేదం ఉన్నను, అది మానవుడు ఎరిగిన భాష కాదనే విషయంలో భేదం లేదు.

మనస్సు తనకు తెలియకుండనే భాషవంటిదానిని అల్లగలదని చెప్పటానికి మరియొక ప్రసిద్ధమైన ఉదంతం కలదు. జెనీవాలో ఎలెన్ స్మిత్ అనే మారుపేరుతో ప్రసిద్ధికెక్కిన ఒక స్త్రీ, ఆవేశస్థితిలో అంగారక గ్రహవాసుల భాష అనియు, పూర్వజన్మలో తాను పలికిన సంస్కృతమనియు కొన్ని మాటలు పలికేది. మనశ్శాస్త్రజ్ఞుడు తియొడార్ ఫ్లూర్నువా వాటిని సేకరించి 1900లో గ్రంథంగా ప్రకటించినాడు. అంగారక భాష అన్నది లోపల ఫ్రెంచి వ్యాకరణాన్నే అనుసరించినదని తేలినది. ఆ సంస్కృతపు ముక్కలను పరిశీలించినది భాషాశాస్త్రానికి ఆద్యులలో ఒకడైన ఫెర్డినాన్ ద సొస్యూర్. అది సంస్కృతం కాదు. కాని సంస్కృతంలో లేని 'ఫ్' అనే ఊష్మధ్వని అందులోనూ లేకపోవటం ఆయనకు ఆశ్చర్యం కలిగించినది. ఎక్కడో చూచిన, విన్న తునకలను మనస్సు దాచుకొని, ఒక నియమం ప్రకారం కూర్చి, అది తనదని తానే గుర్తించకుండ వెలిబుచ్చగలదు. ఇందులో మోసం ఉండనక్కరలేదు.

మోసం అనే మాట వచ్చినది కనుక దానిని గురించి కొంత చెప్పవలె. కెనడాలో నికొలస్ స్పానోస్, ఆయన సహచరులు 1986లో ఒక ప్రయోగం ప్రకటించినారు. 60 మందికి ఒక్క నిమిషంసేపు ఈ వాక్కును వినిపించి, మీరును పలకండి అన్నారు. సుమారు నూటికి 20 మంది వెంటనే ధారాళంగా పలికినారు. సగంమందికి రెండు దఫాలు శిక్షణ ఇచ్చిన తరువాత, శిక్షణ పొందినవారిలో నూటికి 70 మంది పలకగలిగినారు. కనుక ఈ వాక్కు నేర్వదగినదే. దానికి ప్రత్యేకమైన ఆవేశస్థితి తప్పనిసరి కాదు. అయితే 'నేర్చినది కనుక నటన' అనటం తర్కం కాదు. పసిబిడ్డ తల్లి నోట విని మాట నేరుస్తుంది. ఏడ్చే చోట ఏడవటం, మ్రొక్కే చోట మ్రొక్కటం కూడ మనం నలుగురిని చూచి నేర్చినవే. నేర్చినంత మాత్రాన ఆ ఏడుపు, ఆ మ్రొక్కు బూటకం కావు. ఈ ప్రయోగం తేల్చినది ఒక్కటే: మానవ కంఠానికి, మానవ మెదడుకు ఈ సామర్థ్యం సహజంగా ఉన్నది.

ఇక మెదడు సంగతి. మాట పుట్టుకకు మెదడులో ప్రత్యేక స్థానాలున్నవని 1861లో ఫ్రాన్సు వైద్యుడు పాల్ బ్రోకా, మాట అర్థం చేసికోవటానికి మరియొక స్థానమున్నదని 1874లో జర్మను వైద్యుడు కార్ల్ వెర్నికే నిరూపించినారు. వెర్నికే చెప్పిన భాగం దెబ్బతిన్న రోగి ధారాళంగా మాట్లాడుతాడు, అందులో అర్థం ఉండదు. పైకి ఇది అన్యభాషల వాక్కువలె తోచవచ్చును. భేదం పెద్దది. ఆ రోగి కావాలన్నా సరియైన మాటకు తిరిగి రాలేడు. తన మాటలో లోపమున్నదని తరచు అతనికే తెలియదు. ప్రార్థనలో పలికేవారు ప్రార్థన ముగియగానే ఇంటికి పోయి, సంతలో బేరమాడి, బిడ్డలకు పాఠం చెప్తారు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ న్యూబర్గ్, ఆయన సహచరులు 2006లో ప్రకటించిన పరిశోధన ఈ విషయంలో ఎక్కువగా చెప్పుకొనేది. ఈ వాక్కు అలవాటున్న ఐదుగురు స్త్రీలను వారు ఎన్నుకొన్నారు. ముందు భక్తిగీతాలు పాడించినారు. తరువాత అన్యభాషలలో ప్రార్థింపజేసినారు. రెండు సందర్భాలలోను నరంలోనికి కొద్దిపాటి రేడియోధార్మిక ద్రవ్యం ఎక్కించి, మెదడులో ఏ భాగానికి రక్తం ఎక్కువగా పోతున్నదో, ఏ భాగానికి తక్కువగా పోతున్నదో చిత్రాలు తీసినారు. పాటతో పోల్చినప్పుడు అన్యభాషల సమయాన నుదుటి వెనుక ఉండే మెదడు ముందు భాగంలో వ్యాపారం తగ్గినది. ఇష్టపూర్వకంగా ఒక పనిని నడిపించటానికి ముఖ్యమైన భాగం అదే. 'మాట మేము నడిపించటం లేదు, దానంతట అదే వస్తున్నది' అని ఈ భక్తులు చెప్పేదానికి ఈ ఫలితం అనుగుణంగా ఉన్నది. వారు అబద్ధమాడటం లేదని చెప్పటానికి ఇది కొంత ఆధారం. ఐదుగురు మాత్రమే కనుక దీని మీద పెద్ద మేడలు కట్టరాదు.

ఇక్కడ రెండు పక్షాలవారు తొందరపడుతుంటారు. మెదడులో మార్పు కనిపించినది కనుక ఆత్మ లేదని ఒక పక్షం. శాస్త్రజ్ఞులే నిరూపించినారు కనుక ఆత్మ ఉన్నదని మరియొక పక్షం. రెండును నిలువవు. మెదడులో మార్పు లేకుండ మనం ఏ పనీ చేయము. లెక్క వేసినా, త్యాగరాజ కీర్తన విన్నా, బిడ్డను ముద్దాడినా మెదడులో ఏదో ఒక భాగం మేలుకొంటుంది, మరియొకటి విశ్రమిస్తుంది. లెక్క వేసేటప్పుడు మెదడు పనిచేసినదని చెప్పటం, ఆ లెక్క తప్పో ఒప్పో చెప్పటం కాదు.

భక్తులలో కొందరు ఈ సందర్భాన రేడియోనే దృష్టాంతంగా చెప్తుంటారు. పెట్టె విప్పి చూస్తే తీగలు, ముక్కలు కనిపిస్తాయి గాని గాయకుడు కనిపించడు. పాట వేరే చోటనుండి వస్తున్నది. మెదడు కూడ అటువంటి పెట్టె అని. రేడియో పనిలో ఉన్న మాకు ఈ ఉపమానం ముచ్చటగానే ఉన్నది. కాని దానిని చివరవరకు పోనీయవలె. పాట వెలుపలనుండి వస్తున్నదని మనం ఎందుచేత నమ్ముతున్నాము? పెట్టెలో లేని సమాచారం అందులోనుండి వస్తున్నది కనుక. ఢిల్లీలో ఇప్పుడే జరిగిన సంగతి అచ్యుతాపురంలోని పెట్టె చెప్తున్నది. మరునాడు పత్రిక దానిని ధ్రువపరుస్తున్నది. అన్యభాషల వాక్కులో పలికినవారు నేర్వని భాషగాని, వారికి తెలియని సంగతిగాని ఉన్నట్లు ధ్వనిముద్రణలను పరీక్షించినవారికి కనబడలేదు. కనుక ఈ ఉపమానం వెలుపలి ప్రసారాన్ని రుజువు చేయదు. అయితే భక్తుడు ఈ ప్రార్థననుండి వార్తను కోరటం లేదు. అతడు కోరేది సాన్నిధ్యం. సాన్నిధ్యాన్ని కొలిచే యంత్రం ఏ ప్రయోగశాలలోను లేదు. ఆ హద్దు దాటి శాస్త్రం అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

అర్థం లేని ధ్వని అంతా వ్యర్థమని కూడ అనుకోరాదు. మన సంగీత కచేరీలో రాగాలాపనకు మాటలు లేవు. తిల్లానాలో జతుల అక్షరాలకు నిఘంటువులో అర్థం లేదు. ఉయ్యాల ఊపే తల్లి 'జోజో' అంటే బిడ్డ అర్థం అడగదు. అచ్యుతాపురం మండలంలోని పూడిమడక తీరాన వల లాగే జాలరులు 'హైలెస్సా' అని ఒక్క గొంతుతో అనకపోతే పది చేతుల బలం ఒక్కటి కాదు. మాటకు అందని భావాన్ని, మాట చేయలేని పనిని ధ్వని చేస్తుంది. దుఃఖభారంతో ప్రార్థనకు పోయి, చెప్పుకోవటానికి మాటలు చాలని మనిషికి ఈ వాక్కు ఊరట ఇస్తే, ఆ ఊరట నిజమైనదే. బ్రిటన్‌లో పెంతెకొస్తు బోధకులు కాబోయేవారిని పరీక్షించి 1995లో ప్రకటించిన ఒక పరిశోధనలో, ఈ వాక్కు పలికేవారి మనస్సు నిలకడ లేనిది కాదనియు, పలకనివారికన్న కొంత స్థిరంగానే ఉన్నదనియు తేలినది. ఇది వెర్రి అనే మాటకు ఆధారం లేదు.

ఈ సంగతిని మన గ్రామాలలోని పూనకంతో పోల్చి చూస్తే మరికొంత తేటపడుతుంది. అనకాపల్లి నూకాంబిక అమ్మవారి కొత్త అమావాస్య జాతరవంటి ఉత్సవాలలో గాని, మన పల్లెల గ్రామదేవతల సంబరాలలో గాని డప్పుల మ్రోతకు ఒడలు ఊగటం అందరూ ఎరిగినదే. సికింద్రాబాదు ఉజ్జయినీ మహాకాళి బోనాల మరునాడు జరిగే 'రంగం'లో ఒక స్త్రీ పచ్చికుండపై నిలిచి రాబోయే సంవత్సరపు మంచిచెడ్డలు చెప్తుంది. అక్కడి వాక్కు తెలుగే, అందరికీ అర్థమయ్యేదే. ప్రార్థన మందిరంలోని వాక్కు ఎవరికీ అర్థం కానిది. అయినను రెంటికీ ఒక సామాన్య లక్షణం ఉన్నది: హద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అనే కట్టుబాటును సంఘం ఏర్పరచినది. వేళ ముగిస్తే ఆవేశం దిగుతుంది. దిగిన తరువాత మనిషి మునుపటి మనిషే.

వైద్యశాస్త్రం కూడ ఈ హద్దునే కొలబద్దగా తీసికొన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992లో ప్రకటించిన వ్యాధుల వర్గీకరణ గ్రంథంలో ఆవేశ, పూనక సంబంధమైన రుగ్మత ఒకటి ఉన్నది. మతాచారంలో, సంఘం అంగీకరించిన సందర్భంలో వచ్చే ఆవేశాన్ని అందులో చేర్చరాదని ఆ గ్రంథమే చెప్పినది. కోరనప్పుడు వచ్చి, ఆపుకొన శక్యం కాక, నిత్యకృత్యాలకు అడ్డువచ్చేదే రుగ్మత. కనుక ఇంటివారు చూడవలసిన గుర్తులు కష్టమైనవి కావు. ప్రార్థన లేని వేళ కూడ, రాత్రింబవళ్ళు, అట్లే మాట్లాడుతున్నారా? నిద్రాహారాలు తప్పినవా? ఎవరో చెవిలో ఆజ్ఞాపిస్తున్నారని, హాని చేయబోతున్నారని చెప్తున్నారా? మాట తడబడి మూతి ఒక ప్రక్కకు పోయినదా, చేయి పడిపోయినదా, మూర్ఛ వచ్చినదా? వీటిలో ఏది కనిపించినా అది వరమా శాపమా అని చర్చించే సమయం కాదు. మాట హఠాత్తుగా చెడి చేయి బలహీనమైతే అది పక్షవాతం కావచ్చును. గడియలమీద ఆసుపత్రికి చేర్చవలె.

ఆలస్యం ఎంత దారుణానికి దారితీయగలదో 2001 ఆగస్టు 6వ తేదీన దేశం చూచినది. తమిళనాడులో రామనాథపురం జిల్లా ఏర్వాడి దర్గాకు స్వస్థతకై తెచ్చిన మానసిక రోగులను దగ్గరలోని ఒక పాకలో గొలుసులతో కట్టి ఉంచినారు. తెల్లవారుజామున పాక అంటుకొన్నది. కట్లు విప్పుకొనలేక 28 మంది మరణించినారు. ఆ దర్గాకు పోయినవారి భక్తి తప్పు కాదు. భక్తి పేరిట వైద్యాన్ని ఆపి, మనిషిని కట్టివేయటం తప్పు. 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగిని గొలుసులతో బంధించటాన్ని నిషేధించినది. మన ప్రాంతంవారికి విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 అనే నంబరుకు టెలిఫోను చేసి ఏ వేళనైనా తెలుగులోనే సలహా అడుగవచ్చును.

ఇంతవరకు విచారించినదాని సారం ఇది. అన్యభాషల వాక్కు ఎట్లు వస్తున్నదనే ప్రశ్నకు సమాధానం మెదడులో, కంఠంలో, సంఘంలో నేర్చిన అలవాటులో దొరుకుతున్నది. అది నిఘంటువు గల భాష కాదు. పలికేవారు మోసగాండ్రు కారు, రోగులును కారు. దేవుడు మానవుని తాకదలచితే ఆ మెదడు ద్వారానే, ఆ కంఠం ద్వారానే తాకుతాడు కదా అని భక్తుడు అంటే దానిని కాదనే సాధనం శాస్త్రం చేతిలో లేదు. అదే విధంగా, మెదడు వ్యాపారంతోనే దీనిని వివరించవచ్చునని ఇతరుడు అంటే, ఈ వాక్కునే సాక్ష్యంగా చూపి అతనిని ఒప్పించటం భక్తుని వల్లను కాదు.

అందుచేత ఒకే కప్పు క్రింద రెండు నమ్మకాలున్న ఇండ్లకు మా మనవి ఒక్కటే. వాక్కు ఎక్కడనుండి వచ్చినదనే వాదాన్ని తీరికవేళకు వాయిదా వేయండి. ఆ వాక్కు పలికిన తరువాత మనిషి ఇంటివారితో మునుపటికన్న నెమ్మదిగా ఉన్నాడా, పనిపాటలు సాగుతున్నవా, ఆకలి నిద్రలు ఉన్నవా అని చూడండి. ఉన్నట్లయితే ఎగతాళి చేయకండి, భయపడకండి. ఆ వాక్కు తమకు రాలేదని చింతించే పిల్లలుంటే, వరాలన్నీ అందరికీ ఉండవని పౌలు కొరింథువారికి వ్రాసిన సంగతి జ్ఞాపకం చేయండి. ఆకలి నిద్రలు తప్పినట్లయితే మాత్రం ముందు వైద్యుని వద్దకు తీసికొనిపోండి. ప్రార్థన చేయదలచినవారు ఆ ఆసుపత్రి వరండాలో కూర్చుండి కూడ చేయవచ్చును.